మూడు మ్యాచ్‌లు, మూడు ఓటములు: సెల్టిక్స్‌పై ఆశ పెట్టుకోవచ్చా?

నల్లగొండ నుంచి ప్రశ్న:

మిత్రులందరికీ నమస్కారం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2025-26 సీజన్‌లో మన అభిమాన జట్టు బోస్టన్ సెల్టిక్స్ మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది. ఫిలడెల్ఫియాతో 117-116 స్కోరుతో చేజారిన మొదటి మ్యాచ్‌ను తెల్లవారుజామున లేచి, ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా ఫోను శబ్దం తీసేసి చూశాను. కొత్త కుర్రాడు ఎడ్జ్‌కోంబ్ తన మొట్టమొదటి మ్యాచ్‌లోనే 34 పాయింట్లు కొడుతుంటే మనవాళ్లు ఆపలేకపోయారు. మన ప్రధాన ఆటగాడు టేటమ్ గత మే నెలలో న్యూయార్క్‌పై ఆడుతూ మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు తెగి మంచానపడ్డాడు. హాలిడే, పోర్జింగిస్, హార్ఫర్డ్, కార్నెట్ నలుగురూ జట్టు విడిచారు. తూర్పు విభాగంలో మొదటి ఆరు స్థానాల్లో ఉంటే టైటిల్ కోసం చివర్లో జరిగే ప్లేఆఫ్స్‌కు నేరుగా వెళ్లవచ్చు. ఆ ఆశ ఉందా, లేక ఏడు నుంచి పది స్థానాలవాళ్లు ఆడే ప్లే-ఇన్‌తోనే సరిపెట్టుకోవాలా?

మహబూబ్‌నగర్ నుంచి:

అన్నా, 82 మ్యాచ్‌లలో మూడింటిని చూసి తీర్పు చెప్పలేం కానీ, ఏ కారణంగా ఓడామో చూస్తే కొంత తెలుస్తుంది. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు పడకపోవడం నన్ను అంతగా భయపెట్టదు. గత సీజన్‌లో 1,457 వేసి లీగ్ రికార్డు నెలకొల్పిన ఇదే జట్టు, ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్‌పై ఒకే మ్యాచ్‌లో 60 ప్రయత్నించి 45 పోగొట్టుకుంది. ఆ విద్య ఒకరోజు పండుతుంది, ఒకరోజు ఎండుతుంది.

నా దిగులంతా రీబౌండ్ల గురించే, అంటే తప్పిన షాట్ తర్వాత బంతిని అందుకోవడం గురించే. సాయంత్రాలు బడి పిల్లలకు సిమెంటు కోర్టు మీద ఆట నేర్పుతుంటాను. షాట్ గాల్లోకి లేవగానే బంతి వైపు చూడకుండా, ముందు ఎదుటివాణ్ణి వీపుతో అడ్డుకొని, మోకాళ్లు వంచి నిలబడమని రోజూ అరుస్తాను. అయినా అందరి తలలూ పైకే లేస్తాయి. పొడగరులు వెళ్లిపోయాక సెల్టిక్స్‌లోనూ అదే కనిపిస్తోంది. ఏడడుగుల కేటా ఫౌళ్లలో చిక్కుకొని బయట కూర్చుంటే, బోర్డు కింద నిలబడే దిక్కు లేదు.

సూర్యాపేట నుంచి:

అంత నిరాశ అక్కర్లేదు. గత సీజన్‌లో ఇండియానా జట్టు 10 గెలుపులు, 15 ఓటములతో మొదలై 50-32తో ముగించి, ఫైనల్స్‌లో ఓక్లహోమాతో ఏడో మ్యాచ్ దాకా పోరాడింది. జేలెన్ బ్రౌన్, వైట్, ప్రిచర్డ్ ఉన్న మన జట్టును అప్పుడే పక్కన పెట్టడం తొందరపాటు.

మహబూబ్‌నగర్ నుంచి:

ఆ పోలిక సగమే నిలుస్తుంది సార్. ఇండియానాకు మొదట్లో గాయపడిన నెంబార్డ్, నెస్మిత్ తిరిగి వచ్చారు. మనకు టేటమ్ ఎప్పుడు వస్తాడో తెలియదు, వెళ్లినవాళ్లు రారు. ఆటగాళ్ల జీతాల మొత్తం లీగ్ పెట్టిన రెండో హద్దు (ఈ సీజన్‌లో సుమారు 20.8 కోట్ల డాలర్లు) దాటితే ఆటగాళ్లను మార్చుకోవడానికే చేతులు కట్టేస్తారు కనుక, యాజమాన్యం కావాలనే ఖర్చు తగ్గించింది. నా అంచనా ప్లే-ఇన్, ఆ అంచనా తప్పైతే సంతోషిస్తాను.

నల్లగొండ నుంచి:

ఇద్దరికీ ధన్యవాదాలు. రేపు తెల్లవారుజామున న్యూ ఓర్లీన్స్‌తో మ్యాచ్ ఉంది. ఈసారి స్కోరు పక్కనపెట్టి, ఎదుటివాళ్లు తమ తప్పిన షాట్లను ఎన్నిసార్లు తామే తిరిగి అందుకుంటారో కాగితం మీద గీతలు పెడతాను.