సమస్యాపూరణం: "పట్ట వచ్చువారె బంధువులఁట"

మాస్టారు: ఈసారి ఆటవెలది, నాలుగో పాదం ఇచ్చేశా. విషయం క్రైస్తవుడైనందుకు రోమన్ అధికారులు పట్టుకుని చంపించిన స్ముర్న బిషప్పు పోలికార్పు, క్రీ.శ. 155 ప్రాంతం, ఇప్పుడు టర్కీలో ఇజ్మీర్ అనే ఊరు. పట్టుకోడానికొచ్చినోళ్ళు చుట్టాలెలా అయ్యారో చెప్పాలి, యతి తప్పితే ఊరుకోను.

గుంటూరు అక్క:
రౌతులొచ్చినారు రాత్రి భోజన వేళ
కూడు పెట్టుమనియె గురువుగారు
గంటసేపు వేడ గడువిచ్చిరా భటుల్
పట్ట వచ్చువారె బంధువులఁట

పారిపోయే వీలున్నా పోలేదండీ ఆయన, మేడగదిలోంచి దిగొచ్చి ముందు వాళ్ళకి అన్నం పెట్టమన్నాడు, ప్రార్థనకి గంట అడిగి రెండు గంటలు నిలబడే చేశాడు, అది విని ఈ ముసలాయన మీదకా వచ్చామని వాళ్ళలోనే కొందరు బాధపడ్డారట.

మాస్టారు: "గురువుగారు" భలే పడింది. "లొచ్చినారు" తీసేసి "రౌతు లేఁగుదెంచ" అనమ్మా, రెండో పాదంలోకి వాక్యం సాఫీగా జారుతుంది.

బొబ్బిలి కుర్రోడు:
కీడు సేయలేదు క్రీస్తు నాకెన్నడు
ఎనుబదారు ఏండ్ల మనికిలోన
తిట్టజాలనంచు తెగువతో బలికెను
పట్ట వచ్చువారె బంధువులఁట

గుంటూరు అక్క: తమ్ముడూ, మొదటి పాదం చదివి ఒళ్ళు జలదరించింది, రెండో పాదంలో ప్రాసయతీ (రెండో అక్షరాల పొత్తు) కుదిరింది, కానీ నాలుగో పాదం అతికించినట్టుంది కదా. ఆ మాట ఆయన అన్నది స్టేడియంలో, "క్రీస్తుని తిట్టు, నిన్ను వదిలేస్తా" అన్న ప్రోకాన్సుల్‌తో (రోమన్ గవర్నరు), పట్టుకోడానికొచ్చినోళ్ళతో కాదు.

మాస్టారు: "దారు ఏండ్ల" విసంధి కూడా, సంధి కలపకుండా వదిలేశావు. "ఏండ్ల" బదులు అదే అర్థమొచ్చే "సమల" అని పెడితే సరిపోద్ది.

బొబ్బిలి కుర్రోడు: "సమల" అంటే మా ఇంట్లో ఎవరికీ తెలీదు మాస్టారూ 😄 విసంధే ఉంచుతా, మూడో పాదం మాత్రం మారుస్తా.

పాత సైకిలు:
తానె యుఱికి క్వింతు దడిసె మృగముఁ జూచి
దాగియున్న తాత దడియలేదు
దైవచిత్తమనుచు దరికి రమ్మనె నంత
పట్ట వచ్చువారె బంధువులఁట

గుంటూరు అక్క: క్వింతు ఎవరండీ?

పాత సైకిలు: ఫ్రుగియ అనే ప్రాంతం నుంచొచ్చిన క్రైస్తవుడు. నేనూ హతసాక్షినౌతానని, అంటే నమ్మకం కోసం ప్రాణమిస్తానని, తనంతట తనే వెళ్ళాడు, ఇంకొందర్నీ ఎగదోశాడు, తీరా మృగాల్ని చూసేసరికి గుండె జారి రోమన్ దేవతలకి ధూపం వేసేశాడు. పోలికార్పు అయితే జనం బతిమాలితే ఊరవతల పొలానికెళ్ళి దాక్కున్నాడు, పట్టుబడ్డాక మాత్రం వెనకడుగెయ్యలేదు. స్ముర్న సంఘం రాసిన ఉత్తరంలోనే ఉంది, తమంతట తాము వెళ్ళి అప్పగించుకునేవాళ్ళని మేం మెచ్చుకోం అని.

మాస్టారు: నా ఓటు దీనికే. అందరూ మంటల మీద పడతారనుకున్నా, పోలికార్పుని కాల్చబోతే ఓడ తెరచాపలా మంట ఆయన చుట్టూ వంగిందనే ఘట్టం ఉందిగా, ఎవరూ ముట్టుకోలేదు, మంచిదైంది. కుర్రోడా, మూడో పాదం రేపటికల్లా పెట్టు.