ఇసినోఫిల్స్ పెరిగాయి, కారణం దొరకలేదు: స్టిరాయిడ్ ముందా, వెతకడం ముందా?

రఘు: మా నాన్నకి నెల తేడాతో రెండుసార్లు రక్తపరీక్ష చేయిస్తే ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) ఒకసారి 22 శాతం, ఇంకోసారి 24 శాతం వచ్చాయి. ఆయాసం లేదు, దద్దుర్లు లేవు, మలపరీక్షలో ఏమీ లేదన్నారు. కారణం దొరకనప్పుడు స్టిరాయిడ్ కోర్సు వేసి తగ్గించేస్తే పోతుంది కదా అంటాను నేను, అక్క వద్దంటోంది. ఇంట్లో అందరికీ టెన్షన్.

సుధ: నాదీ మీ అక్క మాటే. శాతం కాదు, అసలు సంఖ్య చూడండి. తెల్లకణాలు 8,000 ఉంటే అందులో 24 శాతం అంటే మైక్రోలీటరుకు 1,920. మామూలుగా 500 లోపు ఉండాలి. 1,500 దాటి, మళ్లీ చేసినా అలాగే ఉంటే హైపర్‌ఇసినోఫిలియా అంటారు, దాన్ని వదిలేయకూడదు. నేను ల్యాబ్‌లో రోజూ స్లైడ్లు చూస్తాను. రెండు తమ్మెల కేంద్రకం, దాని చుట్టూ కిక్కిరిసిన నారింజ రేణువులు, చూడగానే తెలిసిపోతుంది (1879లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ వీటిని గుర్తుపట్టింది కూడా ఇసిన్ అనే రంగును పట్టుకునే ఆ గుణంతోనే). స్టిరాయిడ్ పడ్డాక అదే మనిషి స్లైడ్‌లో ఆ కణం కోసం వెతుక్కోవాలి. సంఖ్య తగ్గింది గానీ రోగం ఎక్కడికి పోయింది? పైగా స్ట్రాంగిలాయిడ్స్ అనే సన్న పురుగు పేగులో ఏళ్ల తరబడి దాక్కుంటుంది, ఒక్క మలపరీక్షకి చాలాసార్లు దొరకదు, స్టిరాయిడ్ ఇస్తే ఒళ్లంతా పాకి ప్రాణం మీదకి తెస్తుంది. ముందు దాని యాంటీబాడీ పరీక్ష చేయించండి.

మహేష్: సుధ గారూ, వెతుకుతూ కూర్చుంటే గుండె సంగతేంటి? ఆ రేణువుల్లోని ప్రొటీన్లే గుండె లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఆ జబ్బు గురించి లోఫ్లర్ అనే వైద్యుడు 1936లోనే రాశాడు. ట్రోపోనిన్ (గుండె దెబ్బతింటే తెలిపే రక్తపరీక్ష), ఎకో (గుండె స్కాన్) చేయించి, తేడా ఉంటే ఆ రోజే స్టిరాయిడ్ మొదలుపెట్టాలి. పురుగు అనుమానం ఉంటే ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి ఇవ్వవచ్చు.

సుధ: గుండెకో నరాలకో దెబ్బ తగులుతుంటే ఆగమని నేనూ అనను. ఇసినోఫిల్స్ ఆరు నెలలు ఎక్కువగానే ఉంటే తప్ప జబ్బని తేల్చకూడదన్న 1975 నాటి నియమం ఇప్పుడు ఎవరూ పట్టుకుని కూర్చోరు. కానీ ఈయనకి ఏ ఇబ్బందీ లేదు, వెతకడానికి వ్యవధి ఉంది. కొందరిలో ఎఫ్ఐపీ1ఎల్1-పీడీజీఎఫ్ఆర్ఏ అనే జన్యువుల అతుకు ఉంటుంది, దానికి ఇమాటినిబ్ అనే క్యాన్సర్ మందు తక్కువ డోసులోనే బాగా పనిచేస్తుంది, స్టిరాయిడ్ అంతగా పనిచేయదు. వెతక్కపోతే ఇది తెలిసేదెలా? రఘు గారూ, నాన్నగారు ఈమధ్య కొత్త మందులేమైనా మొదలుపెట్టారా?

రఘు: యూరిక్ యాసిడ్‌కి అల్లోప్యురినాల్, నాలుగు నెలలైంది. దీని గురించి ఎవరూ అడగలేదండి.

మహేష్: ఇసినోఫిల్స్‌ని పెంచే మందుల్లో అదొకటి. ఈరోజే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి, జ్వరం గానీ దద్దుర్లు గానీ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్టిరాయిడ్ సంగతి తర్వాత చూద్దాం, ఇక్కడ నేను సుధ గారి వైపే.