బిల్డర్ కంటే ముందు ఆ బయలు మనమే కొనుక్కోవచ్చా? చందాలతో చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి

గట్టుమీద_నడక

మా ఇళ్ల వెనక పదకొండు ఎకరాల బయలు ఉంది. అది ఎవరిదో ఇన్నేళ్లూ ఎవరం పట్టించుకోలేదు, అందరిదీ అన్నట్టే వాడుకున్నాం. పొద్దున నడిచేవాళ్లు, సాయంత్రం ఆడుకునే పిల్లలు, ఒక మూల చిన్న కుంట, దాని చుట్టూ చెట్లు. గట్టి వాన పడితే పైనుంచి వచ్చే నీళ్లన్నీ ఆ కుంటలోకే దిగుతాయి కాబట్టి మా వీధి మునగట్లేదని ఈమధ్యే తెలిసింది. ఆ స్థలం ఒక కుటుంబానిది. పెద్దాయన పోయాక పిల్లలు ముగ్గురూ అమ్మేద్దామనుకుంటున్నారు, ఒక బిల్డర్ మనుషులు వచ్చి కొలతలు కూడా తీసుకుపోయారు.

మొన్న ఆదివారం ముప్పై మందిమి కూర్చున్నాం. "తలా కొంత వేసుకుని మనమే కొనేద్దాం" అని ఒకాయన అనగానే అందరికీ నచ్చింది, లెక్కలు నేను బాగా రాస్తానని నా ఖాతా నంబరే గ్రూపులో పెట్టేద్దామన్నారు. వద్దనలేదు గానీ ఇంటికొచ్చాక ఒకటే టెన్షన్. డబ్బు వచ్చి, సరిపోకపోతే? ఆ ముగ్గురిలో అక్కగారు మాత్రం మాతో మంచిగా మాట్లాడారు, తనకూ అక్కడ ఇళ్లు రావడం ఇష్టం లేదట, తమ్ముళ్లు ధర దగ్గర దిగరట.

నా ప్రశ్నలు ఇవి. ముందు చందాలా, ఒప్పందమా? సరిపడా రాకపోతే వచ్చిన డబ్బు ఏం చెయ్యాలి? కొన్నాక ఎవరి పేరు మీద పెట్టాలి? ఇచ్చినవాళ్లకి తలా ఒక గజం రాసిస్తామంటే ఎక్కువ వస్తుందని ఒకరు అంటున్నారు, అది పనికొస్తుందా?

పాత_రసీదు

గ్రూపులో మీ ఖాతా నంబర్ ఇంకా పెట్టలేదంటే దయచేసి పెట్టకండి. మేం ఇదే పని చేసి దెబ్బతిన్నాం కాబట్టి వివరంగా రాస్తున్నా.

మాకు ఓనర్ నోటిమాట ఇచ్చాడు, మంచి మనిషే, మేం నమ్మాం. మూడు నెలలు ఇల్లిల్లూ తిరిగి అడిగిన ధరలో దాదాపు సగం పోగేశాం, ఎంత వచ్చిందో అందరికీ కనపడేలా బోర్డు మీద రాస్తూ వచ్చాం. ఆ బోర్డు ఓనరూ చూశాడు, కొనడానికి తిరుగుతున్న ఇంకొకరూ చూశారు. సగం రాగానే ధర పెరిగింది, ఇంకో నెలకి స్థలం వేరేవాళ్లకి పోయింది. అంతకంటే పెద్ద బాధ ఆ తర్వాత మొదలైంది. నగదుగా ఇచ్చినవాళ్ల పేర్లు కొన్ని సరిగ్గా రాసుకోలేదు. కొంతమంది తిరిగిచ్చెయ్యమన్నారు, కొంతమంది ఇంకో స్థలం చూడమన్నారు, ఏది చెయ్యాలో మేం ముందు ఎక్కడా రాసి పెట్టలేదు. తేలడానికి రెండేళ్లు పట్టింది. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన ఇద్దరు ఆ గొడవలో మాటలు మానేశారు, ఇప్పటికీ అంతే.

అందుకే చెప్తున్నా, ముందు సంతకం, తర్వాతే చందా. దీనికి ఆప్షన్ ఒప్పందం అని ఉంటుంది. కొద్ది మొత్తం కట్టి, ఫలానా తేదీలోపు ఫలానా ధరకి కొనే హక్కు మనం రాయించుకుంటాం, ఆలోపు వాళ్లు ఇంకెవరికీ అమ్మకూడదు. మనం కొనలేకపోతే ఆ కొద్ది మొత్తం వాళ్లదే, అంతకు మించి మన మీద ఏమీ పడదు. మామూలు బయానా అగ్రిమెంట్‌లో మనమూ కొనితీరాలి, ఇందులో కొనాలా వద్దా అన్నది మన చేతిలో ఉంటుంది. మూడు నెలలు ఇస్తామంటే ఒప్పుకోకండి, కనీసం ఏడాది అడగండి, గడువు పెంచుకునే వీలు కూడా రాయించండి. ముగ్గురు వారసులుంటే ముగ్గురూ సంతకం పెట్టాలి, అక్కగారి మంచి మాట ఒక్కటే చాలదు. ఆ మొదటి మొత్తాన్ని ఐదారుగురు పోతే పోయిందని తెలిసి సొంతంగా పెట్టుకోండి, జనం చందాలోంచి తియ్యకండి. రాయించే ముందు స్థలం మీద తాకట్లు, కేసులు, హద్దుల గొడవలు ఉన్నాయేమో లాయర్‌తో చూపించండి, అడిగే ధర న్యాయమైనదో కాదో మీకు సంబంధం లేని వాల్యుయర్ చేత రాయించండి. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లు మొదట అడిగేది ఆ కాగితమే.

నీలిదారి

పాత_రసీదు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. చిన్న చందాలతోనే మొత్తం నిండుతుందన్న ఆశ మీద మొదలుపెట్టకండి.

2016లో న్యూజిలాండ్‌లో అవారోవా అనే చోట ఏడు హెక్టార్ల బీచ్ అమ్మకానికి వచ్చింది. దాదాపు నలభై వేల మంది ఆన్‌లైన్‌లో తలా కొంత వేసి 20 లక్షల న్యూజిలాండ్ డాలర్లు దాటించారు, ప్రభుత్వం కూడా చివర్లో కొంత కలిపింది, కొన్నది పక్కనున్న ఏబెల్ టాస్మన్ నేషనల్ పార్కులో చేర్చేశారు. అందులో నాకు గుర్తుండిపోయింది ఒకటుంది. డబ్బు సరిపోతుందా లేదా అని ఊగుతున్నప్పుడు ఒక ధనవంతుడు తక్కువపడింది నేనిస్తాను, ఒక భాగం మాత్రం మా కుటుంబం వాడుకోవడానికి ఉండాలన్నాడు. వాళ్లు వద్దన్నారు. అందరూ నడవడానికి అని చెప్పి తీసుకున్న డబ్బుతో ఒకరికి గేటు కట్టివ్వలేం కదా. మీకూ అలాంటి మనిషి తప్పకుండా ఎదురవుతాడు, అదీ డబ్బు తక్కువపడి అందరూ నీరసించిన రోజునే వస్తాడు, కాబట్టి జవాబు ఇప్పుడే అనుకుని పెట్టుకోండి.

ఇంకోటి స్కాట్లాండ్‌లోని లాంగమ్. చిన్న పట్టణం. పదివేల ఎకరాల పైచిలుకు కొండనేల అమ్మకానికి పెడితే అంత ధర ఒకేసారి తేలేక ముందు సగం నేలకి మాట్లాడుకున్నారు. 2021లో 5,200 ఎకరాలు 38 లక్షల పౌండ్లకి కొన్నారు, 2022లో ఇంకో 5,300 ఎకరాలు కొన్నారు. ఆ డబ్బులో స్కాటిష్ ల్యాండ్ ఫండ్ లాంటి పెద్ద నిధుల సాయం ఉంది, దానికి తోడు వేల మంది చందాలున్నాయి. మీరూ పదకొండు ఎకరాలూ ఒకేసారి అనుకోవక్కర్లేదు. కుంట, చెట్లు, నీళ్లు దిగే దారి ఉన్న భాగానికి ముందు ఒప్పందం, మిగతాదానికి రెండేళ్ల ఆప్షన్ అడిగి చూడండి.

అందరికీ చెప్పకముందే పెద్దగా ఇవ్వగలవాళ్ల దగ్గర, సంస్థల దగ్గర సగం దాకా మాట తీసుకోండి. సున్నా దగ్గర మొదలైన చందాకి ఎవరూ చెయ్యి పెట్టరు, సగం నిండిందంటే మాత్రం మనం ఇస్తే పూర్తవుతుందేమో అనిపిస్తుంది.

గట్టుమీద_నడక

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. ఖాతా నంబర్ పెట్టలేదు, బతికిపోయాను. రేపు లాయర్‌ని కలుస్తున్నాం. తలా ఒక గజం అన్నదాని గురించి ఎవరైనా చెప్పగలరా, మా గ్రూపులో దాని మీదే ఎక్కువ ఉత్సాహంగా ఉన్నారు.

మూడోగీత

ఆ గజాల సంగతి నేను చెప్తాను. ఇది రెండు రకాలుగా జరిగింది, రెండిటి ఉద్దేశం వేరు.

ఇంగ్లండ్‌లో 1980లలో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఓట్‌మూర్ అనే చిత్తడి నేల మీదుగా ఎం40 మోటార్‌వే వేస్తామన్నప్పుడు, వద్దన్నవాళ్లు దారిలో ఉన్న ఒక పొలం కొని, మూడు వేలకి పైగా ముక్కలు చేసి ఎక్కడెక్కడి వాళ్లకో అమ్మారు. భూమి బలవంతంగా తీసుకోవాలంటే ఆ ఓనర్లందరితోనూ విడివిడిగా వ్యవహారం నడపాలి, అక్కడే అడ్డం పడింది. చివరికి రోడ్డు వేరే దారిన వెళ్లింది. అంటే ముక్కలు చెయ్యడమే అక్కడ ఆయుధం.

జపాన్‌లో హొక్కైదోలోని షారి అనే పట్టణం 1977లో షిరెతోకోలో 100 చదరపు మీటర్లకి 8,000 యెన్లు అని విరాళాలు అడిగింది. జనం దేశమంతటి నుంచీ ఇచ్చారు, 1997కి లక్ష్యం చేరింది. కానీ స్థలాన్ని ముక్కలు చేసి ఎవరి పేరా రాయలేదు, అంతా పట్టణం పేరు మీదే ఉంది. కాబట్టే ఆ తర్వాత అక్కడ అడవిని తిరిగి పెంచే పని ఒక చేతి మీదుగా సాగుతోంది.

మీకు కావాల్సింది రెండోది. ముప్పై ఏళ్ల తర్వాత కుంట పూడిక తియ్యాలంటే వందల మంది వారసుల సంతకాలు ఎవరు తెస్తారు? "మీ విరాళం ఒక గజానికి సమానం" అని పత్రం ఇవ్వండి, పిల్లల పేరు రాసివ్వండి, బాగా ఇష్టపడతారు. ఆ పత్రంతో స్థలం మీద హక్కు రాదని మాత్రం అదే కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. లేకపోతే మీకు తెలియకుండానే మోసం చేసినట్టవుతుంది.

చెట్టునీడ

పేరు విషయానికి వస్తే వ్యక్తుల పేరు మీద వద్దేవద్దు, ఎంత మంచివాళ్లైనా సరే. ట్రస్టు పెట్టండి, ఆ ట్రస్టు మూతపడితే స్థలం ఎవరికి వెళ్తుందో కూడా పత్రంలోనే రాయండి, అది ఇలాంటి పని చేసే ఇంకో సంస్థకే వెళ్లాలి. అమెరికాలో ఇలాంటి ల్యాండ్ ట్రస్టులు 1891 నుంచి ఉన్నాయి, మొదటిది మసాచుసెట్స్‌లో. వాళ్లు స్థలం కొనకుండానే కాపాడే పద్ధతి ఒకటి బాగా వాడతారు. భూమి ఓనర్‌దే, దాని మీద కట్టుకునే హక్కును మాత్రం ట్రస్టు కొంటుంది లేదా దానంగా తీసుకుంటుంది, రేపు ఎవరు కొన్నా ఆ షరతు భూమితోనే వెళ్తుంది. మీ దగ్గర చట్టం దీనికి ఒప్పుకుంటుందో లేదో రేపు లాయర్‌ని అడగండి, మొత్తం కొనడం కంటే చాలా తక్కువలో అయిపోవచ్చు. ఆ అక్కగారు తన వాటా వరకైనా ఒప్పుకునే అవకాశం ఉంది కదా.

ఇంకో మాట, కొన్న రోజుతో ఖర్చు ఆగదు. కంచె, చెత్త, ఎండిన గడ్డికి మంటలు, కొమ్మ విరిగి ఎవరి మీదైనా పడితే బాధ్యత. అడిగే మొత్తంలోనే నిర్వహణ నిధి కలపండి, తర్వాత విడిగా అడిగితే ఎవరూ ఇవ్వరు. కొత్త భూమికి ఉత్సాహంగా ఇచ్చే మనిషే పాత కంచెకి పర్సు తియ్యడు, నేను ఏళ్లుగా చూస్తున్నాను.

గట్టుమీద_నడక

అప్‌డేట్. లాయర్‌ని కలిశాం. కట్టుకునే హక్కు ఒక్కటే కొనే పద్ధతి మా దగ్గర కష్టమన్నారు, ఆప్షన్ ఒప్పందం రాయొచ్చన్నారు. నిన్న అక్కగారింట్లో తమ్ముళ్లిద్దరూ కూడా కూర్చున్నారు. పెద్ద తమ్ముడు ఏడాది ఎక్కువన్నారు, ఎనిమిది నెలలు, ఇంకో నాలుగు నెలలకి విడిగా కొంత కడితే పొడిగింపు, అక్కడ ఆగింది. కుంట వైపు ఐదెకరాలకి ముందు రాస్తారట. ఆరుగురం మొదటి మొత్తానికి ఒప్పుకున్నాం. చందా అడిగే కాగితంలో మొదటి వాక్యం ఇలా రాశాను: "ఈ తేదీకి ఈ మొత్తం చేరకపోతే మీరిచ్చినది ముప్పై రోజుల్లో మీ ఖాతాకే తిరిగి వస్తుంది." నగదు అసలు తీసుకోం. ముగ్గురి సంతకాలూ పడేదాకా గ్రూపులో ధర చెప్పొద్దనుకున్నాం, బోర్డు కూడా పెట్టం. పాత_రసీదు గారూ, మీ పాత లెక్కల కాగితాలు ఏవైనా ఉంటే మెసేజ్ చెయ్యగలరా, రసీదు ఎలా రాయాలో చూసుకుంటాను.