‘భారతీయాంగ్ల సాహిత్యం’ - ఈ సమాసాన్ని ఎలా విడగొడతారు?

ఒక వ్యాసం ప్రూఫ్ చూస్తుంటే ఈ మాట తగిలిందండీ. సవర్ణదీర్ఘ సంధి, అందులో తప్పేం లేదు, కానీ విగ్రహవాక్యం చెప్పుకుందామని కూర్చుంటే ఎటూ తేలట్లేదు. భారతీయుల ఆంగ్లసాహిత్యమా, లేక భారతీయాంగ్లం అనే ఒక భాషలో వచ్చిన సాహిత్యమా? రెండూ ఒకటి కాదు కదా. సరోజినీ నాయుడు ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ (1905) తీసుకోండి, పల్లకీ మోసే బోయీలు మనవాళ్ళే గానీ ఆ ఛందస్సు, ఆ పదాల పొందిక అచ్చంగా ఇంగ్లండు కవులవి. అదే రాజారావు ‘కాంతాపుర’ (1938)కి వస్తే ఊళ్ళో ముసలావిడ అరుగు మీద కూర్చుని స్థలపురాణం చెప్తున్నట్టే ఉంటుంది, వాక్యం తెగదు, ‘అండ్’ మీద ‘అండ్’ పడుతూ పోతుంది, మనం వెళ్ళి, చూసి, వచ్చి అని క్త్వార్థకాలు గుచ్చుకుంటూ పోయినట్టు. నాకైతే భారతీయాంగ్లం అనే మాట దీనికే నప్పుతుంది.

ఇంగ్లీషులో కూడా ఈ తికమక ఉంది. ‘ఆంగ్లో-ఇండియన్’ అంటే ముందు ఇక్కడున్న తెల్లవాళ్ళ రాతలు, అందుకని మనవాళ్ళ రాతలకి ‘ఇండో-ఆంగ్లియన్’ అన్నారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇంగ్లీషు ప్రొఫెసరుగా చేసిన కె.ఆర్. శ్రీనివాస అయ్యంగారు 1943లో ఆ మాటతోనే పుస్తకం వేశారు, 1962కల్లా పెద్ద పుస్తకానికి ‘ఇండియన్ రైటింగ్ ఇన్ ఇంగ్లీష్’ అని పేరు పెట్టారు. ఆ ‘ఇన్’ చూడండి, మన ‘లో’ విభక్తే. సమాసం దాచేసిన విభక్తిని బయటికి తీశారు.

- మంచి పాయింటండీ. కానీ సాహిత్య అకాడమీ అసలు ‘భారతీయ’ అనే విశేషణమే పెట్టదు, తెలుగు, తమిళం లాగే ఇంగ్లీషు, అంతే. 1960లో ఆర్.కె. నారాయణ్ ‘ది గైడ్’కి ఇచ్చింది అలాగే.

- నిజమే మాస్టారూ, అవార్డుల పట్టికలో అది చాలు, అక్కడున్నవన్నీ మన భాషలే కాబట్టి. వ్యాసంలో మాత్రం షేక్‌స్పియర్ పక్కనే వస్తోంది, విశేషణం తీసేస్తే ఎవరి సాహిత్యమో తెలియదు. 1794లో దీన్ మహమ్మద్ రాసిన ప్రయాణాల పుస్తకం దగ్గర్నించీ వ్యాసం మొదలవుతుంది, అప్పటికి భారతీయాంగ్లం అనే భాష ఎక్కడుందండీ? అందుకే ‘ఇంగ్లీషులో భారతీయుల రచనలు’ అని మార్చి పంపించాను. కాంతాపుర పేరాలో మాత్రం భారతీయాంగ్లం అలాగే ఉంచాను.