అంతరిక్ష యుద్ధంలో భారీ బాంబు: నిజంగా పనికొస్తుందా?

కథల పురుగు: సైన్స్ ఫిక్షన్ యుద్ధాల్లో నాకు అస్సలు మింగుడుపడనిది ఒకటుంది. నౌకల గుంపు మధ్య పెద్ద బాంబు పేలుతుంది. నీలం వలయం ఒకటి పెరుగుతూ వచ్చి దారిలో ఉన్నవాటన్నిటినీ ముక్కలు చేస్తుంది. గాలే లేని చోట ఆ వలయం దేనిది? భూమ్మీద అణుబాంబు భవనాలను కూల్చేది ప్రధానంగా గాలి దెబ్బతో. అక్కడ అది లేదు. కాబట్టి అంతరిక్షంలో భారీ బాంబు దండగ అంటాను. కాదనేవాళ్లు రండి.

వైజాగ్ కుర్రాడు: దండగెలా అవుతుంది బ్రో? 1962 జులై 9న అమెరికా పసిఫిక్ మీద 400 కి.మీ. ఎత్తున 1.4 మెగాటన్నుల (మెగాటన్ను అంటే పది లక్షల టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థమంత శక్తి) బాంబు పేల్చింది, స్టార్‌ఫిష్ ప్రైమ్ అని. సుమారు 1,450 కి.మీ. అవతల హవాయిలో వీధి దీపాలు ఆరిపోయాయి. మర్నాడు కక్ష్యకెళ్లిన ఉపగ్రహం టెల్‌స్టార్ కొన్ని నెలలకే రేడియేషన్‌ దెబ్బకు మూగబోయింది.

లెక్కల మాస్టారు: అక్కడ సగం పని భూమే చేసింది బాబూ. దీపాలు ఆర్పిన విద్యుదయస్కాంత తరంగం పుట్టింది గామా కిరణాలు వాతావరణాన్ని తాకడం వల్ల. ఉపగ్రహాన్ని దెబ్బతీసిన, పేలుడులో పుట్టిన ఎలక్ట్రాన్లను నెలల తరబడి పట్టి ఉంచింది భూమి అయస్కాంత క్షేత్రం. గ్రహాలకు దూరంగా పోతే ఆ రెండూ ఉండవు, ముఖ్యంగా మిగిలేది ఎక్స్ కిరణాలు.

ఇక లెక్క. 1961లో సోవియట్లు పేల్చిన జార్ బాంబా 50 మెగాటన్నులు. మనిషి పేల్చినవాటిలో అదే పెద్దది. వెయ్యి కి.మీ. దూరంలో దాని శక్తి చదరపు మీటరుకు 17 కిలోజౌళ్లకు పలచబడుతుంది. భూకక్ష్యలో 12 సెకన్ల ఎండ అంత! అదంతా ఒక్క క్షణంలో పడుతుంది కనుక కెమెరాలు పోవచ్చు గానీ నౌక పగలదు. అదే 10 కి.మీ.లో పేలితే పదివేల రెట్లు పడుతుంది, నౌక పైపొర ఆవిరైపోతుంది. బాంబును పదింతలు చేసినా చంపే దూరం మూడింతలే పెరుగుతుంది. సైజు మీద ఇంత మోజు ఎందుకో నాకర్థం కాదు.

కథల పురుగు: అంత దగ్గరికి వెళ్లగలిగితే నేరుగా గుద్దేయొచ్చుగా మాస్టారూ? 2019 మార్చి 27న మిషన్ శక్తిలో మన క్షిపణి ఉపగ్రహాన్ని గుద్దే కూల్చింది. సెకనుకు 3 కి.మీ. వేగంతో వచ్చే కిలో ఇనుములో కిలో టీఎన్‌టీ కంటే కాస్త ఎక్కువ శక్తే ఉంటుంది.

ఓరియన్ అభిమాని: ఉపగ్రహం తన దారిన తాను పోతుంది, ఎప్పుడెక్కడుంటుందో ముందే తెలుసు. యుద్ధనౌక పక్కకు తప్పుకుంటుంది. గురి 10 కి.మీ. తప్పినా దెబ్బతీసేది బాంబే.

అయినా అన్ని దిక్కులకూ శక్తిని చల్లే బాంబు గురించే ఎందుకు మాట్లాడుతున్నారు? 1958లో మొదలైన ఓరియన్ ప్రాజెక్టులో నౌక వెనక అణుబాంబులు పేలుస్తూ దాన్ని తోయాలనుకున్నారు. అందుకని పేలుడులో ఎక్కువ భాగాన్ని ఒకే వైపు మళ్లించే డిజైన్లు ఆలోచించారు. దాన్నే ఆయుధంగా మార్చే పథకం పేరు కసాబా హౌవిట్జర్. దాని వివరాలు చాలావరకు ఇప్పటికీ రహస్యమే. కథలకు ఇంతకంటే మంచి ముడిసరుకు ఏముంది?

కథల పురుగు: గురిపెట్టే బాంబుతో నాకు పేచీ లేదు. కానీ దానికి చిన్న బాంబే చాలుగా? నేను కాదన్నది భారీ బాంబును. దాన్ని వెనకేసుకొచ్చే లెక్క ఇంతవరకు ఎవరూ పెట్టలేదు.