పాత దాకలి కొనబోతున్నాను: ధర మాట్లాడే ముందు ఏమేమి పరీక్షించాలి?

కొలిమికి కొత్త (కొలంబస్, ఓహయో)

అందరికీ నమస్కారం. కిందటి చలికాలంలో ఇక్కడి కమ్మరుల సంఘం వారాంతాల్లో నడిపే తరగతులకు వెళ్ళి కొక్కేలు, మేకులు, చిన్న ఉలులు చేయడం నేర్చుకున్నాను. ఇంటి వెనుక షెడ్డులో గ్యాసు కొలిమి అమర్చుకున్నాను, కిలో బరువున్న సుత్తి, రెండు పటకార్లు ఉన్నాయి, ఇక కావలసింది కాలిన ఇనుమును పెట్టి కొట్టే దాకలి. కొత్తది కొనేంత సొమ్ము లేదు కాబట్టి పాతవాటి కోసం వెతకగా రెండు కనిపించాయి.

మొదటిది ఊరి బయట ఒక రైతు కొట్టంలో ఉంది. ఒక పక్క పీటర్ రైట్ అన్న పేరు, దాని కింద 1 1 14 అన్న అంకెలు పోతపోసినట్టు కాక గుద్ది వేసినట్టు ఉన్నాయి. అది 114 పౌన్లని చెప్పి ఆయన 600 డాలర్లు అడుగుతున్నారు. ఒంటినిండా తుప్పు పట్టింది, పైతలం అంచులు నాలుగైదు చోట్ల పెచ్చులూడాయి, నడుమ కొద్దిగా పల్లంగా కూడా ఉన్నట్టుంది. ఒక కొసన మొనదేలిన కొమ్ము కిందా పాదాల దగ్గరా చదరపు గుంటలు కొన్ని ఉన్నాయి, అవి ఎందుకో తెలియలేదు.

రెండవదానికి పేరేమీ లేదు, నల్లరంగు కొత్తగా వేశారు. పైతలాన్ని మిల్లింగు యంత్రం మీద చెక్కించామని చెప్పారు, నిజంగానే అద్దంలా మెరుస్తోంది. ధర 450 డాలర్లు. చూపుకు రెండవదే బాగుంది, ధర కూడా తక్కువే, అయినా మనసు ఒప్పుకోవడం లేదు. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

పాత ఇనుము (డేటన్, ఓహయో)

నమస్కారమండీ. మీ మనసు సరిగ్గానే వెనక్కి లాగింది. రెండవది ఎంత తగ్గించినా కొనవద్దు. కారణం వివరంగా చెబుతాను, ఎందుకంటే కొత్తవాళ్ళలో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే.

పాతకాలపు ఇంగ్లండు దాకలుల ఒళ్ళంతా మెత్తని చేత ఇనుము, అంటే పోతపోయకుండా కాల్చి కొట్టి చేసినది. గట్టిదనమంతా పైన కొలిమి వేడితో అతికించిన ఉక్కు పలకలోనే ఉంటుంది. ఆ పలక సాధారణంగా అరంగుళం అటూఇటూ మందం ఉంటుంది, వందేళ్ళు వాడిన తరువాత అంతకన్నా పలచబడి ఉండవచ్చు. దానిని నున్నగా చేయడానికి యంత్రం మీద పెట్టి చెక్కినవారు, దాకలిలో మనం డబ్బిచ్చి కొనే భాగాన్నే తీసిపారేసినట్టు. పైగా పాదాలకూ పైతలానికీ పాత దాకలుల్లో సరిసమానమైన లెవెల్ ఉండదు. అందువల్ల యంత్రం ఒక కొసన ఎక్కువగా, మరొక కొసన తక్కువగా కోస్తుంది, ఒక్కొక్కసారి ఒక మూల ఉక్కు పూర్తిగా పోయి మెత్తని ఇనుము బయటపడుతుంది. కొత్తరంగు కూడా అనుమానించవలసిన విషయమే, వెల్డింగు అతుకులనూ పగుళ్ళనూ కప్పడానికి అంతకంటే చౌకైన ఉపాయం లేదు.

ఇక మొదటిదాని సంగతి. ఆ అంకెలు 114 పౌన్లు కావు. పీటర్ రైట్ దాకలులు ఇంగ్లండులోని డడ్లీలో తయారయ్యేవి, వాటి మీద బరువును హండ్రెడ్‌వెయిట్ (112 పౌన్లు) లెక్కలో వేసేవారు. మొదటి అంకెను 112తోనూ, రెండవ అంకెను 28తోనూ గుణించాలి, మూడవది మిగిలిన పౌన్లు. మీ దాకలి 112, 28, 14 కలిపి 154 పౌన్లు, అంటే దాదాపు 70 కిలోలు. అమ్మే ఆయన చెప్పిన బరువుకు పౌను అయిదు డాలర్ల పావలా పడుతున్న ధర, అసలు బరువుకు నాలుగు డాలర్ల లోపే పడుతోంది. ఇంట్లో బరువు చూసుకునే యంత్రాన్ని వెంట తీసుకువెళ్ళి సరిచూసుకోండి, తూకం బాగా తగ్గితే అది పెద్ద అరుగుదలకో, ఎవరో కోసి తీసిన ముక్కకో గుర్తు.

చదరపు గుంటలు లోపం కాదు. తయారీలో అంత పెద్ద ఎర్రని ముద్దను తిప్పడానికి ఇనుప కడ్డీలు దూర్చిన చోట్లవి, చేత ఇనుముతో చేసిన దాకలి అనడానికి అవి మంచి సాక్ష్యం. పీటర్ రైట్ పాదాల మీద ముందూ వెనుకా చిన్న మెట్టు లాంటి చదును ఉంటుంది, పేరు అరిగిపోయినప్పుడు దానిని బట్టి గుర్తుపడతారు. ఎక్కడైనా ఇంగ్లండు అన్న మాట కూడా ఉందేమో చూడండి. అమెరికాకు దిగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం నిర్ణయించింది కాబట్టి, ఆ మాట ఉన్నది దాని తరువాతిదై ఉండే అవకాశం ఎక్కువ.

పరీక్షలలో ముఖ్యమైనది ఒకటే. అంగుళం వ్యాసమున్న బేరింగు గోలీ ఒకటి, ఒక స్కేలు పట్టుకువెళ్ళండి. తుప్పును తీగబ్రష్షుతో కొంచెం తొలగించి, స్కేలును పైతలం మీద నిలబెట్టి, పది అంగుళాల ఎత్తు నుంచి గోలీని వదలండి. ఏడెనిమిది అంగుళాలు తిరిగి లేస్తే ఆ దాకలి మీకు జీవితాంతం పనికివస్తుంది, తొమ్మిది లేస్తే బేరం ఆడకుండానే తీసుకోవచ్చు. అయిదుకు మించి లేవకపోతే ఆ ఉక్కులో గట్టిదనం పోయినట్టే. కొట్టం తగలబడినప్పుడు మంటల్లో చిక్కుకుని మెత్తబడిన దాకలులు ఈ ప్రాంతంలో తక్కువేమీ కావు, పైకి మాత్రం అవి చక్కగానే కనిపిస్తాయి. ఒకే చోట వదిలి ఊరుకోకుండా రెండంగుళాలకొకసారి జరుపుతూ పైతలమంతా చూడండి. ఒకచోట హఠాత్తుగా ఎగురు చచ్చిపోయి చప్పుడు బొంగురుపోతే అక్కడ పలక ఒంటి నుంచి విడిపోయి ఉంటుంది, అటువంటప్పుడు అంచు వెంబడి వెంట్రుకంత సందు ఏమైనా ఉందేమో దీపం పెట్టి వెతకండి.

చిన్న సుత్తితో తడితే మీ దాకలి గంటలా మోగాలి. ఈ పరీక్ష అన్నిటికీ వర్తించదు. న్యూజెర్సీలోని ట్రెంటన్ నగరంలో చేసిన ఫిషర్ దాకలులు ఉక్కు పైతలమున్న పోత ఇనుము కాబట్టి, ఎంత మంచివైనా మోగవు. తమాషా ఏమిటంటే, ట్రెంటన్ అన్న పేరుతో వచ్చిన అమెరికా దాకలులు తయారైనది మాత్రం మీరున్న కొలంబస్‌లోనే.

అంచుల పెచ్చులకు భయపడనవసరం లేదు. వంపు తిప్పడానికి పదునైన అంచు కంటే గుండ్రని అంచే మేలు, పదునైన అంచు దగ్గర ఇనుము చీరుకుపోతుంది. రెండు పక్కలా కలిపి మూడు నాలుగు అంగుళాల మంచి అంచు దొరికితే చాలు, మిగిలిన చోట్ల ఆకురాయితో మొనలు తీసేయండి. పల్లం ఎంతో చూడటానికి స్కేలును నిలువుగా పెట్టి దాని కింద వెలుతురు గమనించండి. అంగుళంలో ఎనిమిదో వంతు వరకు ఉన్న పల్లంతో ఏ పనీ ఆగదు.

కొలిమి ఇల్లు (జగిత్యాల)

నమస్కారం. పైన చెప్పిన పరీక్షలతో నాకు పేచీ లేదు కానీ, కొత్తగా నేర్చుకునేవారు కొమ్ము, దాని ఎదుటి కొసన తోక, పనిముట్లు దూర్చే రెండు రంధ్రాలు ఉన్న ఇంగ్లండు దాకలి లేనిదే పని మొదలుపెట్టలేమనుకోవడం సరికాదని నా అభిప్రాయం. మా ఇంట్లో తరతరాలుగా వాడిన దాగలి చదరపు ఇనుప దిమ్మ, దానికి కొమ్మూ లేదు తోకా లేదు. భూమిలో పాతిన చింతమొద్దులో దానిని దిగగొడతారు, పటకారు పట్టినవారు కింద కూర్చుంటారు, సమ్మెట కొట్టేవారు ఎదురుగా నిలబడతారు. కర్రులు, గొడ్డళ్ళు, కొడవళ్ళు, బండి పట్టాలు అన్నీ దాని మీదనే అయ్యాయి. దెబ్బ పడే చోటు కింద ఎంత ఇనుము ఉన్నదన్నదే అసలు లెక్క. డెబ్బై కిలోల ఇంగ్లండు దాకలిలో కొమ్ముకూ తోకకూ పోయిన బరువు మీ దెబ్బను నేరుగా మోయదు, నలభై కిలోల దిమ్మలో మాత్రం మొత్తం బరువు దెబ్బ కిందనే ఉంటుంది.

అందువల్ల ఆ రైతు ధర తగ్గించకపోతే నిరాశపడకండి. పాత సామాను అమ్మేచోట నాలుగైదు అంగుళాల మందమున్న ఉక్కు దిమ్మ దొరికితే, దానిని మొద్దులో నిలువుగా బిగించి ఏడాదిపాటు హాయిగా నేర్చుకోవచ్చు. వంపుల కోసం లావుపాటి పైపు ముక్క ఒకటి పక్కన ఉంటే సరిపోతుంది.

చదువరి (హైదరాబాద్)

ఇది చదువుతుంటే నాకూ ఆశ పుట్టింది. ఇక్కడ పాత ఇనుము కొట్టులో రైలు పట్టా ముక్క ఉంది, దానిని దాకలిగా వాడుకోవచ్చా?

కొలిమి ఇల్లు (జగిత్యాల)

వాడుకోవచ్చు కానీ, ముందు దానికి బిల్లు అడగండి. రైల్వే ఆస్తి (చట్టవిరుద్ధ స్వాధీనం) చట్టం 1966 ప్రకారం, దొంగిలించిన రైల్వే సామగ్రి అని సహేతుకంగా అనుమానించదగిన వస్తువు మీ దగ్గర దొరికితే, అది న్యాయంగా వచ్చిందని నిరూపించుకోవలసినది మీరే. మొదటి నేరానికే అయిదేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. రైల్వేవారు తుక్కును వేలంలో అమ్ముతారు, ఆ వేలంలో కొన్న వ్యాపారి దగ్గర కాగితాలు ఉంటాయి. అవి చూపలేనివాడి దగ్గర కొనకండి.

బరువు కూడా లెక్క వేసుకోండి. మన దేశంలో ఎక్కువగా కనిపించే పట్టాలు మీటరుకు 52 కిలోలవీ 60 కిలోలవీ. అడుగు ముక్క పదహారు, పద్దెనిమిది కిలోలకు మించదు. దానిని పడుకోబెట్టి కొడితే సన్నని నడుము మీద ఊగుతుంది, దెబ్బలో సగం వృథా అవుతుంది. నిలువుగా నిలబెట్టి పైకొసను చదును చేసుకుంటే బరువంతా దెబ్బ కిందికి వస్తుంది. కాగితాల తలనొప్పి అక్కరలేదనుకుంటే విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల విప్పిన లారీల ఇరుసులు దొరుకుతాయి, ఆ ఉక్కు కూడా ఈ పనికి చక్కనిదే.

కొలిమికి కొత్త (కొలంబస్, ఓహయో)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న గోలీ, స్కేలు, బరువు యంత్రం పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. తూకం 151 పౌన్లు వచ్చింది. పైతలం మధ్యలో గోలీ దాదాపు ఎనిమిది అంగుళాలు లేచింది, కొమ్ము వైపు ఏడున్నర. తోక దగ్గర మాత్రం, ముఖ్యంగా చదరపు రంధ్రం పక్కన, అయిదున్నరకు పడిపోయింది. పలక అక్కడ ఊడిందేమోనని దిగులుగా ఉంది. అసలు బరువు తెలిస్తే ఆయన ధర పెంచుతారేమోనన్న సంకోచం మరొకటి.

పాత ఇనుము (డేటన్, ఓహయో)

మూడు పౌన్ల తేడా వందేళ్ళ అరుగుదలకు సహజం. తోక కింద ఇనుము పలచన, పైగా రంధ్రం ఉంది, కాబట్టి అక్కడ ఎగురు తగ్గడం మంచి దాకలుల్లోనూ చూస్తాము. పలక ఊడితే తగ్గుదల ఒక చిన్న మేర హఠాత్తుగా ఉంటుంది, మీరు చెప్పినట్టు తోకవైపు వెళ్ళేకొద్దీ క్రమంగా తగ్గితే అది ఆకారం వల్ల వచ్చినదే. అనుమానం తీరకపోతే ఆయన అనుమతి తీసుకుని, తోక దగ్గరి పైఅంచు మీద కొత్త ఆకురాయిని ఒకసారి నడపండి. జారిపోతే ఉక్కు గట్టిగా ఉన్నట్టు, కొరికితే మెత్తబడినట్టు.

బరువు సంగతి ఆయనకు చెప్పండి. తూకం ఆయన కొట్టంలోనే వేశారు కాబట్టి దాచవలసినదీ లేదు. ఓహయోలో ఏటా సెప్టెంబరులో జరిగే క్వాడ్ స్టేట్ కమ్మరుల సమావేశంలో ఇటువంటి దాకలులు వరుసలుగా పెట్టి అమ్ముతారు, అక్కడ ఈ స్థితిలో ఉన్నదానికి పౌను నాలుగు డాలర్ల కన్నా ఎక్కువే అడగడం చూశాను. ఆయన యాభై పెంచినా మీకు నష్టం లేదు.

తెచ్చుకున్నాక మొద్దు ఎత్తు కొలుచుకోండి. నిటారుగా నిలబడి చేయి వదిలేసి పిడికిలి బిగిస్తే, పైతలం మీ వేలి కణుపులకు తగలాలి. పీటర్ రైట్ మోత చెవులకు చాలా కఠినం. తోక కింద పెద్ద అయస్కాంతం అంటించి, దాకలి నడుముకు గొలుసు బిగించి మొద్దుకు కడితే మోత చాలావరకు అణుగుతుంది, ఇరుగుపొరుగు కూడా మీతో మాట్లాడుతూ ఉంటారు. అంచు మీద సుత్తి తప్పి పడితే పెచ్చు తూటాలా ఎగురుతుంది కాబట్టి, రక్షణ కళ్ళద్దాలు లేకుండా మొదటి దెబ్బ కూడా వేయవద్దు.