పోర్ట్రెయిట్లు వేయడానికి దేశాలు తిరిగేవాళ్లున్నారా? వారంలో ముగించడం ఎలా?

కొత్తప్రయాణం:
పన్నెండేళ్లుగా నూనెరంగుల్లో పోర్ట్రెయిట్లు వేస్తున్నాను. ఇన్నాళ్లూ కూర్చునేవాళ్లే నా దగ్గరికి వచ్చారు. ఇప్పుడు మొదటిసారి నేనే వెళ్తున్నాను. మూడు దేశాలు, మూడు కుటుంబాలు, ఒక్కోచోట వారం. చిత్రం పూర్తి చేసి చేతికిచ్చి రమ్మంటున్నారు. మొదటిది ఎనభై మూడేళ్ల పెద్దావిడది. ఇరవై నిమిషాలకు మించి కూర్చోలేరట. మిగతాది ఫొటో చూసి వేసేయండి అంటున్నారు ఇంట్లోవాళ్లు. ఫొటో చూసే వేసేట్టయితే అంత దూరం నేను వెళ్లడం దేనికి? ఇలా తిరిగినవాళ్లు చెప్పండి, దయచేసి.

మడతఈజిల్:
ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే. అక్కడే పూర్తి చేస్తానని మాత్రం ఒప్పుకోకండి. అక్కడ ముఖం తీసుకోండి, చిత్రం మీ గదిలో ముగించండి. 1538లో హోల్బైన్ అనే చిత్రకారుడు బ్రసెల్స్ వెళ్లి డెన్మార్క్ రాజకుమారి క్రిస్టినాను చూసింది మూడంటే మూడు గంటలు. అప్పుడు గీసుకున్నదాన్ని పట్టుకుని లండన్ వెళ్లి నిలువెత్తు చిత్రం వేశాడు. అది ఇప్పటికీ అక్కడి నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఇరవై నిమిషాలు తక్కువేం కాదు. రోజుకు రెండుసార్లు కూర్చోబెట్టండి, రోజూ అవే వేళల్లో. కుర్చీ కాళ్ల దగ్గర, ఆవిడ పాదాల దగ్గర నేలమీద టేప్ అంటించండి. మాట్లాడొద్దని మాత్రం అనకండి. మాట ఆపిన క్షణంలో ముఖం తన సహజస్థితికి వస్తుంది, మనకు కావలసింది అదే.

మీరు వెళ్లాల్సింది రంగు కోసం. ఒకసారి ఎర్ర శాలువా కప్పుకున్న ఒక పెద్దావిడను వేశాను. శాలువా ఎరుపు గడ్డం కిందికంటా పాకింది, చెవి తమ్మె దగ్గర మాత్రం చర్మం నీలంగా చల్లబడింది. అదే రోజు తీసిన ఫొటోలో ఆ గడ్డం కింద ఉన్నది ఒట్టి నల్లటి నీడ. అందుకే చిన్న బోర్డు మీద నుదురు, చెంప, గడ్డం కింది నీడ, పెదవి, ఒక్కోదానికి ఒక్కో రంగు కలిపి, మనిషి పక్కనే పట్టుకుని సరిచూసి అద్దుకుంటాను. పక్కన పెన్సిల్‌తో వేళ రాసుకుంటాను. ఆ బోర్డు ఉంటే ఆ తర్వాత ఫొటో కూడా పనికొస్తుంది, ఆకారం వరకు.

అవిసెనూనె:
నేను సామాను సంగతి చెప్తాను. రంగు పలచన చేసే టర్పెంటైన్‌ను విమానంలో తీసుకెళ్లనివ్వరు, సుమారు 35 డిగ్రీలకే మంటనందుకుంటుంది. 60 డిగ్రీల లోపు మంటనందుకునే ద్రవాలన్నీ అక్కడ ప్రమాదకరమైన సరుకు కిందే లెక్క. ట్యూబు రంగులు మామూలుగా ఆ కోవలోకి రావు, అయినా తయారీదారు ఇచ్చే భద్రతా పత్రం ప్రింటు తీసి పెట్టెలో పైనే పెట్టండి, ట్యూబులు చెక్-ఇన్‌లో వేయండి. బ్రష్షులు అవిసె నూనెతో, ఆపైన సబ్బుతో కడుక్కోవచ్చు.

నూనెరంగు నీళ్లలా ఇగిరిపోయి ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. అంబర్ అనే మట్టి గోధుమరంగు ఒకటి రెండు రోజుల్లో చేతికి అంటకుండా ఆరితే టైటానియం తెలుపు వారమైనా జిడ్డుగానే ఉంటుంది. ఆల్కిడ్ మీడియం అనే రెసిన్ ద్రవం రంగులో కలిపి పలచగా వేస్తే తొందరగా ఆరుతుంది. రంగు ఆరని కాన్వాస్‌ను చుట్టొద్దు. రెండు బోర్డుల్ని ఎదురెదురుగా పెట్టి మూలల్లో బెండు ముక్కలు అడ్డుపెట్టి కట్టేయండి.

దారిఖర్చు:
డబ్బు తీసుకుని వేస్తున్నారు కాబట్టి టూరిస్టు వీసా సరిపోతుందనుకోవద్దు, మూడు దేశాల నిబంధనలూ విడివిడిగా చూడండి. ఈజిల్ (చిత్రం నిలబెట్టే స్టాండు), దీపాల్లాంటి పనిముట్లకు ఏటీఏ కార్నెట్, అంటే సామాను సుంకం కట్టకుండా కొన్నాళ్లకు తీసుకెళ్లి తెచ్చుకోనిచ్చే కస్టమ్స్ పత్రం, పనికొస్తుంది, వాడితే అయిపోయే రంగులకు అది వర్తించదు. సగం డబ్బు ముందే తీసుకోండి. ఎన్ని సిట్టింగులో, చిత్రం ఎప్పుడు పంపుతారో, మార్పులు ఎన్నిసార్లు చేస్తారో కాగితం మీద పెట్టండి.

కొత్తప్రయాణం:
అందరికీ చాలా థాంక్సండి. చిత్రం నా గదిలో ముగించి పంపుతానని మూడు కుటుంబాలకూ రాశాను. ఇద్దరు సరేనన్నారు, మూడోవాళ్లు ఆలోచిస్తామన్నారు. మడతఈజిల్ గారూ, ఒక్క సందేహం. పెద్దావిడ గదికి పడమర కిటికీ ఒక్కటే ఉందట. సాయంత్రం ఎండ సూటిగా ముఖం మీద పడుతుంది కదా?

మడతఈజిల్:
అయితే రెండు సిట్టింగులూ మధ్యాహ్నం లోపే పెట్టుకోండి. పొద్దున ఆ కిటికీలోంచి వచ్చేది ఆకాశపు వెలుతురే, మెత్తగా ఉంటుంది. కుర్చీని కిటికీకి ఓ పక్కగా వేయండి. శాలువా ఏ రంగుదో ముందే అడగండి.